అమాసనాటి ఏడు గీతలు

"అమాసకు అమాసకు మా దడి ఇరుగుతది బాపూ. గదొక్కటే నాకు తెల్సు. గా దూలాల సంగతి నాకేం ఎరుక?"

దుర్గవ్వ ఆ మాట అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఎల్లారెడ్డిలో వడ్లవాళ్ల, అంటే వడ్రంగుల, ఇండ్ల వరుసలో చివరి ఇల్లు ఆమెది. డిటెక్టివ్ రాజలింగం అరుగు మీద కూర్చుని జేబుగడియారం తీసి చూశాడు. శనివారం ఉదయం ఏడూ ఇరవై. సాయంత్రం నాలుగూ పదికి కామారెడ్డిలో నిజామాబాద్ రైలు ఆగుతుంది. ఆమె భర్త వడ్ల సిద్ధిరాములుకు బేడీలు వేసి ఆ రైలెక్కించి జిల్లా జైలుకు పంపుతారు. అక్కడిదాకా పోయిన పేదవాడి కాగితం వెనక్కి తిరిగి రావడం తన ఇరవై ఏళ్ల పనిలో రాజలింగం చూసి ఎరగడు. ఉన్నవి తొమ్మిది గంటలు కూడా లేవు. అందులో రెండున్నర గంటలు బస్సే మింగుతుంది.

గురువారం ఉదయం ఏడున్నరకు, కామారెడ్డి స్టేషన్ పక్కనున్న కట్టెల డిపోలో ఒక దూలం విరిగిపడింది. దాని కింద యూనివర్సిటీ ఓవర్సీర్ భూమేశ్ చనిపోయాడు. ఇరవై ఆరేళ్లవాడు. విరిగిన దూలం మీద మేస్త్రీ సిద్ధిరాములు గీతలున్నాయి, డిపో రిజిస్టర్లో అతని పేరుంది. పోలీసు అమీన్ మాణిక్‌రావుకు ఇంకేం కావాలి? తొమ్మిదిన్నరకు ఎల్లారెడ్డి బస్సు దిగిన మేస్త్రీని దిగినచోటే పట్టుకున్నాడు. విరిగిన దూలాన్ని ఒక్కసారి చూపించాడట. అది చూసినప్పటి నుంచి సిద్ధిరాములు నోరు విప్పలేదు.

రాజలింగాన్ని పంపింది యూనివర్సిటీ కాదు, పోలీసులూ కాదు. భూమేశ్ తల్లి రాజమణి. కొడుకును మట్టి చేసిన మర్నాడే ఆమె అతని గుమ్మంలో నిలబడి, "నా కొడుకును చంపింది చెట్టా, మనిషా? అది చెప్పు నాయనా, చాలు" అంది. ఆ గొంతు ఇంకా అతని చెవిలోనే ఉంది.

"మేస్త్రీ ఇంటికి ఎప్పుడొచ్చిండు అక్కా?" అని అడిగాడు. గాంధారిలో పుట్టినవాడు కనుక పట్నం భాష పట్నంలోనే వదిలేసి వచ్చాడు.

"మంగళారం పొద్దుగూకంగ బస్సుల వచ్చిండు. బుధవారం అమాస. ఇల్లు కదల్లే. గురువారం తొలి బస్సుకు పోయిండు."

"బుధవారం డిపోల దూలం బిగించిండని రిజిస్టర్ల రాసి ఉందట."

దుర్గవ్వ కళ్లు తుడుచుకోవడం మానేసి అతని ముఖంలోకి చూసింది. ఆ చూపులో దుఃఖం కంటే కోపమే ఎక్కువ.

"అమాసనాడా? అమాసనాడు మావోళ్లు ఉలి ముడ్తరా బాపూ? ఎవలన్న ఇంటె నవ్వుతరు. ఉలి, బాడిస, రంపం అన్ని కడిగి, పసుపు కుంకుమ వెట్టి, దీపం వెడ్తం. ఆ దినం పనిముట్టు లేపితె చెయ్యి పడిపోతదని మా మామ చెప్పేటోడు."

లోపల గోడ వారగా పీట ఉంది. దాని మీద పసుపు ఎండి పగుళ్లిచ్చింది. ఉలి పెట్టినచోట ఉలి ఆకారం, బాడిస పెట్టినచోట బాడిస ఆకారం చెక్కుచెదరకుండా మిగిలి ఉన్నాయి. రాజలింగం వంగి చూసి, వేలు తగిలించకుండానే లేచాడు.

"దూలం మీద గీతలు ఎక్కడ పెడ్తడు మేస్త్రీ?"

"మొదట్ల. చెట్టు వేరు దిక్కున్న కొనకు. ఏ నెంబరైతె అన్ని గీతలు. చెట్టు కొసకు గీత వెడితె మనిషిని తలకిందులు నిలవెట్టినట్టని అంటడు."

"మరి దడి ఎందుకు విరిగింది?"

ఆమె వీధి మలుపు వైపు చూసింది. ఆ మలుపు తిరిగితే గడి, కోటలాంటి భవంతి. గడిలో దొర. గొంతు తగ్గించి చెప్పింది.

"పొడుగు కట్టె ఏసుకొని బండి మలిగితే, కట్టె తోక మా దడికి తాకుతది. పోయిన అమాసకు ఇరిగింది. ఆ దినం ఈయన గాంధారిల తమ్మునింటికి పోయిండు, మల్లచ్చినంక బాగజేసిండు. మొన్న అమాసకు దీపాలు వెట్టేయాల్లకు మల్ల ఇరిగింది. ఈయన బయటికురికి బండిని జూసిండు. జూసినంక అన్నం తినలే. ఏందని అడిగితే, నోరు మూసుకో, మనం ఆయన భూమిల ఉన్నం అన్నడు." చేతులు జోడించింది. "నన్ను గింతకంటె అడుగకు బాపూ."

రాజలింగం అడగలేదు. అడగాల్సిన మనిషి కామారెడ్డిలో ఉన్నాడు.

*

పదకొండూ నలభైకి డిపోలో అడుగుపెట్టాడు.

భూమేశ్ చదువుకునే రోజుల్లో పరుగు పందేల్లో పేరున్నవాడు. అప్పట్లో యూనివర్సిటీ పిల్లల కసరత్తుకు ఒక రేకుల షెడ్డే దిక్కు. వాన కురిస్తే కుస్తీ బంద్, ఎండ ముదిరితే పరుగు బంద్. ఒకసారి ఆ షెడ్డు గాలికి లేచిపోయి ఒక పిల్లవాడి కాలు విరిగింది. ఆ రోజు నుంచి భూమేశ్ మూడేళ్లు అర్జీల మీద అర్జీలు పెట్టాడు. చివరికి కసరత్తు హాలుకు పునాది పడింది. గోడలు రాతివి, పైకప్పు టేకుది. ఎల్లారెడ్డి అడవి టేకును కామారెడ్డి డిపోకు తెచ్చి పన్నెండు కైంచీలు కట్టాలని నిర్ణయమైంది. పెంకుల బరువు మోసే మూడు కోణాల చట్రాన్ని కైంచీ అంటారు. అడుగున దూలం, పైన రెండు వాలు కట్టెలు, ఇనుప పట్టీలతో బిగింపు. ఒక్కో కైంచీని డిపోలో నిలబెట్టి, ఇసుక బస్తాలు వేలాడదీసి బరువు పరీక్ష చేయాలి. తర్వాత విప్పి రైల్లో పంపాలి. ఆరు ఇప్పటికే పట్నం చేరి గోడలెక్కాయి. ఏడోది ఓవర్సీర్ ప్రాణం తీసింది.

ఉద్యోగం ఇస్తామంటే భూమేశ్ అడిగి మరీ ఈ పనికే వచ్చాడని రాజమణి చెప్పింది. డిపో గుడిసెకు అతని పలక ఇంకా వేలాడుతోంది. "ఏడు, బరువు పరీక్ష, సోమవారం" అని సుద్దతో రాసిన అక్షరాలు అలాగే ఉన్నాయి. రాజలింగం వాటి ముందు కాసేపు నిలబడ్డాడు. అతనికి కొడుకుల్లేరు. ఉండి ఉంటే ఈ వయసే ఉండేది.

"పట్నం డిటెక్టివ్ సాబ్ వచ్చిండ్రా!" అమీన్ మాణిక్‌రావు కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు. జుక్కల్ వైపు మనిషి, మీసం మీద చెయ్యి తీయడు. "ఏంది, దూలంతోని మాట్లాడుతరా?"

"మాట్లాడిస్త అమీన్ సాబ్. మీరు వింటనంటే."

"వినేదేముంది? పుచ్చిన కట్టె పెట్టిండు, డాంబర్ పూసి దాచిండు, పిల్లగాడు సచ్చిండు. రిజిస్టర్ పక్కా ఉంది. నాలుగూ పది రైలుకు పంపుతున్న. మీరు చాయ్ తాగి పోండ్రి."

డిపో గుమాస్తా కిష్టయ్య రిజిస్టర్ పట్టుకుని పక్కనే ఉన్నాడు. సన్నటి మనిషి, మాటిమాటికీ పెదవులు తడుపుకుంటున్నాడు. రాజలింగం అందుకుని చదివాడు. తారీకు సర్కారు ఫసలీ లెక్కలో ఉంది. "ఫర్వర్ది ఇరవై రెండు, బుధవారం. ఏడో కైంచీ దూలం దించి మళ్లీ బిగించినది. మేస్త్రీ సిద్ధిరాములు."

విరిగిన దూలం రెండు ముక్కలై నేల మీద ఉంది. విరిగినచోట లోపల బూడిదరంగు పొడి. చెదలు తిని ఎన్నేళ్లయిందో. దక్షిణం కొనకు ఏడు నిలువు గీతలు. రాజలింగం కోటు విప్పి పక్కన పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. చాకుతో డాంబరు గీకి, ఒక ముడిని బయటపెట్టాడు. తర్వాత ఇంకొకటి. తర్వాత ఇంకొకటి. అమీన్ ఆవులించాడు.

"కట్టెల ముడి అంటే ఏంది అమీన్ సాబ్?"

"నేను వడ్లోణ్నా?"

"కొమ్మ పుట్టినచోటు. ఏ చెట్టుకైనా కొమ్మ పైకే పోతది. కిందికి పోయే కొమ్మను మీరు చూసిండ్రా? ఈ ముళ్లన్నీ ఎటు వాలినయో చెప్పుండ్రి."

అమీన్ లేవక తప్పలేదు. వంగి చూశాడు. "గీతలున్న దిక్కుకు."

"అంటే గీతలున్నది చెట్టు కొస. ఇగ అటు చూడుండ్రి. ఎనిమిది నుంచి పన్నెండు దాక ఐదు దూలాలున్నయి. వాటి ముళ్లు గీతలకు ఎదురు వాలినయి. ఐదింటికీ గీతలు వేరు దిక్కునే. సిద్ధిరాములు ముప్పై ఏండ్లుగ గీత మొదట్లనే పెట్టిండు. ఈ ఒక్క దూలానికే ఎందుకు తప్పిండు?"

"తొందరల పొరపాటైంది."

"మీరు తొందరల మీ సంతకం తలకిందులు పెడ్తరా?"

అమీన్ ముఖం ఎర్రబడింది. "సాబ్, నోరు జర సంబాలించుకోండ్రి! ముడి గిడి అంటే అదాలత్ వినదు. రిజిస్టర్ వింటది!"

"అయితే రిజిస్టర్‌నే అడుగుదాం," అని రాజలింగం చేతులు దులుపుకుని లేచాడు. "కిష్టయ్యా, ఈ గీతలు ఎవరు చెక్కిండ్రు?"

"సిద్ధిరాములే సారూ."

"నువ్వు చూసినవా?"

"చూసిన."

"బుధవారం ఎన్ని గంటలకు?"

"పగలు పన్నెండింటికి సారూ."

"మిగతా వడ్లోళ్లు ఏం చేస్తున్నరు?"

కిష్టయ్య పెదవులు తడుపుకున్నాడు. "వాళ్లు... ఆ దినం రాలే."

"ఎందుకు రాలే?"

రాజలింగం అమీన్ వైపు తిరిగాడు. "సోమవారం శివరాత్రి. బుధవారం ఏంది అమీన్ సాబ్?"

మాణిక్‌రావు పెదవులు కదిలాయి. వేళ్ల మీద లెక్కపెట్టాడు. మీసం మీద చెయ్యి కిందికి జారింది. "అమాస," అన్నాడు మెల్లగా.

"ఫసలీ తారీకుల రాస్తే చంద్రుడు కనబడడు. మీరు ఇరవై రెండు అని చదివిండ్రు, నేను గూడ నిన్న పేపర్ల అదే చదివిన. ఈ జిల్లాల వడ్లోడు ఎవడూ అమాసనాడు ఉలి ముట్టడు. ఆ పగలు పన్నెండింటికి సిద్ధిరాములు ఉలి ఎల్లారెడ్డిల పసుపు పూసుకొని పీట మీదుంది. ఆ మచ్చ పొద్దున నా కండ్లతోని చూసిన. కిష్టయ్యా, ఇంకో మాట. ఆ దినం ఈడికెల్లి చీకట్లనే బయల్దేరిన బండి పొద్దుగూకేయాల్లకు ఎల్లారెడ్డి గడి కాడికి చేరింది. దాని మీదున్న కట్టె ఎవరిది?"

కిష్టయ్య చేతిలోని కలం కింద పడింది. తీసుకోవడానికి వంగినవాడు మళ్లీ లేవలేదు, అక్కడే చతికిలబడ్డాడు.

"దొర కబురు వెట్టిండు సారూ. కొత్త సావడికి పొడుగు టేకు గావాలె, ఏం చేస్తవో ఎరుగను అన్నడు. లేదంటే నా తమ్ముడు ఆయన కాడ జీతం ఉన్నడు, వాని ఈపు పలుగుతది. వడ్లోళ్లు లేని దినం జూసి కూలోళ్లతోని మంచి దూలం దింపిచ్చిన. పాత గడి సావడి కూలగొట్టిన దూలం డిపోల పడి ఉంటే డాంబర్ పూసి ఎక్కిచ్చిన. గీతలు నేనే చెక్కిన. మొదలేందో కొసేందో నాకేం తెల్సు? స్టేషన్ కూలోళ్లు జూసిండ్రని రిజిస్టర్ల రాయక తప్పలే, మేస్త్రీ పేరు రాసిన."

"పరీక్షల విరుగుతదని తెలువదా?"

"పరీక్ష అయిపోయిందనుకున్న! సోమవారం అని పలక మీద రాసి ఉంది. నేను శివరాత్రికి జాతరకు పోయిన. ఓవర్సీర్ సారు గూడ తల్లి కాడికి పోయిండని, బుధవారం రాత్రి రైలుకు వచ్చి గురువారం బస్తాలు కట్టిస్తడని నాకు తెల్వది సారూ... తెలిస్తె చెయ్యకపోదును..." ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. "మంచోడు సారూ గా పిల్లగాడు. నన్ను కాకా అనేటోడు."

శివరాత్రికి కొడుకు వచ్చాడని తల్లి ఎంత మురిసిపోయిందో రాజలింగానికి ఆమే చెప్పింది. ఆ సంతోషమే పరీక్షను మూడు రోజులు వెనక్కి నెట్టిందని ఆమెకు ఎలా చెప్పాలో అతనికి తోచలేదు. అమీన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

గడియారం ఒంటిగంటన్నర. పని అయిపోయిందనుకుని రాజలింగం కోటు తొడుక్కోబోయాడు. ఒక చెయ్యి తొడిగాక ఆగిపోయాడు.

అమాసకు అమాసకు మా దడి ఇరుగుతది.

మొన్న ఒక్కసారి కాదు. రెండుసార్లు విరిగింది.

కోటు ఒక భుజానికి వేలాడుతుండగానే రిజిస్టర్ పేజీలు వెనక్కి తిప్పాడు. ఇస్ఫందార్ ఇరవై రెండు, సోమవారం. పోయిన అమాస. అదే చేతిరాత. "మూడో కైంచీ దూలం దించి మళ్లీ బిగించినది. మేస్త్రీ సిద్ధిరాములు."

"కిష్టయ్యా." ఈసారి రాజలింగం గొంతు పెంచలేదు. "మూడోది?"

కిష్టయ్య తలెత్తలేదు. "పరీక్ష అయినంకనే మార్చిన సారూ. శనివారం పరీక్ష, సోమవారం మార్చిన, మంగళారం రైలెక్కింది. అది విరగలే గదా అనే ఏడోదానికి ధైర్యం చేసిన."

విరగలేదు, ఎందుకంటే మార్చాక దాని మీద పూర్తి బరువు పడలేదు. ఆరు కైంచీల కింద ముందు సగం హాలు సిద్ధమైంది, పైన పెంకులు పరచడమే మిగిలింది. రేపు, ఆదివారం ఉదయం ఎనిమిదికి ప్రారంభం. మొదట మూడు వందల మంది పిల్లలు భూమేశ్ పేరు తలుచుకుని రెండు నిమిషాలు కదలకుండా నిలబడతారు. ఆ ఆహ్వానపు కార్డు రాజమణి చేతిలో చూశాడు. చదివి, మంచి పని చేస్తున్నారనుకున్నాడు కూడా.

*

రెండింటికి అమీన్ పేరుతో యూనివర్సిటీకి టెలిగ్రాం వెళ్లింది. "హాలులోకి ఎవరినీ పోనివ్వకండి. మూడో దూలం పుచ్చినది."

నాలుగింటికి సిద్ధిరాములును స్టేషన్‌కు తెచ్చారు. యాభై దాటిన మనిషి, పెద్ద చేతులు. ఆ చేతులకు బేడీ చాలడం లేదు. రాజలింగం అతని పక్కన బెంచీ మీద కూర్చుని జరిగిందంతా చెప్పాడు. కిష్టయ్య ఒప్పుకున్నాడన్నా అతని ముఖంలో మార్పు లేదు. మూడో దూలం మాట రాగానే మాత్రం బేడీలు గలగలమన్నాయి.

"మూడోదా?" మూడు రోజుల్లో మొదటి మాట. "పోయిన అమాసకు నేను ఇంట్ల లేను బాపూ. దడి ఇరిగిందని దుర్గి చెప్పింది, గంతే అనుకున్న. పోయింది ఏడోదొక్కటే అనుకొని నోరు మూసుకున్న. సచ్చినోడు ఎట్లా రాడు, ఉన్నదాన్ని కాపాడుకుందామనుకున్న... అయ్యో, పిల్లలు బాపూ!"

అప్పుడే తంతి గుమాస్తా పరుగెత్తుకుంటూ వచ్చి అమీన్ చేతిలో కాగితం పెట్టాడు. అమీన్ చదివి రాజలింగానికి ఇచ్చాడు.

"పెంకుల పని మధ్యాహ్నం పూర్తయినది. ఇంజనీరు తనిఖీ చేసినారు. మీ తంతి ఆధారం లేనిది. బయటి ఊళ్ల విద్యార్థులకు ఈ రాత్రి బస హాలులోనే."

రాజలింగం బయటికి చదివాడు. సిద్ధిరాములు లేచి నిలబడ్డాడు.

"దాని కింద పండుకుంటరా?"

"రాత్రి తొమ్మిదికి పక్కలేస్తరేమో."

"ఆరు దూలాలకు డాంబర్ పూసి ఉంటది, గీతలేమో గోడల మునిగి ఉంటయి. మూడోది ఏదో, దాన్నెట్ల నిలవెట్టాలెనో ఆడున్నోళ్లకు తెల్వది. ముడి జూసి నేను జెప్త. ఆసరా కట్టెలు నేను వెడ్త." ఆగాడు. "కాని నేను మాట్లాడిన్నని తెలిస్తే, దుర్గి గా దొర భూమిలనే ఉన్నది."

ఉత్తరం వైపు ముఖం పెట్టిన నిజామాబాద్ రైలు మొదటి లైనులో ఆగి ఉంది. రెండో లైనులో పట్నం పోయే రైలు వచ్చి నిలబడింది. మాణిక్‌రావు ఒకసారి ఇటు, ఒకసారి అటు చూశాడు.

"బేడీ తీసే హుకుం నాకు లేదు," అన్నాడు. "రైలు మార్చే హుకుం గూడ లేదు. నౌకరీ పోతే పోతది." జవాన్ల వైపు తిరిగి అరిచాడు. "మీరిద్దరు ఇప్పుడే ఎల్లారెడ్డి బస్సెక్కుండ్రి! మేస్త్రీ ఇంటి ముంగట నిలబడుండ్రి. గడోళ్లెవరైనా దడి దాటితే నా పేరు చెప్పుండ్రి. పొద్దుగాల్ల ఆమెను తీసుకొని ఈడికి రాండ్రి."

పట్టాలు దాటి ముగ్గురూ పట్నం రైలెక్కారు. బేడీల మనిషిని చూసి బెంచీ మీదివాళ్లు సర్దుకుని కూర్చున్నారు. రైలు కదిలింది. సిద్ధిరాములు కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకున్నాడు.

"అమీన్ సాబ్, బస్తాలు కట్టినంక ఏడోది ఎంతసేపు ఆగింది?"

మాణిక్‌రావు గొంతు సవరించుకున్నాడు. "పావుగంట."

పెంకులెక్కి అప్పటికి నాలుగు గంటలు. రైలు పట్నం చేరేది ఎనిమిదీ పదిహేనుకు. సిద్ధిరాములు ఊచలు వదల్లేదు. చాలాసేపటికి రాజలింగం వైపు తిరిగి చిన్నపిల్లవాడిలా అన్నాడు.

"గీ రైలు గింత మెల్లగ పోతదేంది బాపూ?"